మ్యాకినా జలసంధి: తరచుగా అడిగే ప్రశ్నలు

మిషిగన్‌లో స్థిరపడ్డ తెలుగువాళ్లలో మ్యాకినా చూడని కుటుంబం దాదాపు ఉండదు. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినా, లాంగ్ వీకెండ్ దొరికినా కారెక్కి ఉత్తరానికి బయల్దేరతారు. వంతెన దగ్గర ఫొటోలు, దీవిలో గుర్రబ్బండి, వచ్చేటప్పుడు ఒక ఫడ్జ్ డబ్బా, అంతే. ఆ వంతెన కింద ఉన్న నీళ్లని మాత్రం ఎవరూ పెద్దగా పట్టించుకోరు. నన్నడిగితే అసలు చూడాల్సింది ఆ నీళ్లనే. వాట్సాప్ గ్రూపుల్లోనూ భోజనాల దగ్గరా వచ్చే ప్రశ్నలు ఎప్పుడూ అవే కాబట్టి, నాకు తెలిసిన జవాబులన్నీ ఒకచోట పెడుతున్నాను.

అసలు ఈ జలసంధి ఎక్కడుంది?

మ్యాప్ తీసి మిషిగన్ రాష్ట్రాన్ని చూడండి, రెండు ముక్కలుగా ఉంటుంది. డెట్రాయిట్, ట్రాయ్, నోవై, కాంటన్ లాంటి మనవాళ్లు ఎక్కువగా ఉండే ఊళ్లన్నీ కింది ముక్కలో ఉంటాయి. పైముక్క అప్పర్ పెనిన్సులా, ఇక్కడివాళ్లు యూపీ అంటారు. ఈ రెండు ముక్కల మధ్య ఉన్న సన్నని నీటి దారే మ్యాకినా జలసంధి. దీనికి పడమర మిషిగన్ సరస్సు, తూర్పున హ్యూరాన్ సరస్సు. దక్షిణపు ఒడ్డున మ్యాకినా సిటీ, ఉత్తరపు ఒడ్డున సెయింట్ ఇగ్నేస్. డెట్రాయిట్ నుంచి ఐ-75 పట్టుకుని నేరుగా ఉత్తరానికి పోతే సుమారు 290 మైళ్లు, మధ్యలో ఆగడాలు కలుపుకుంటే ఐదు గంటలు పడుతుంది. గేలార్డ్ దగ్గర 45వ అక్షాంశం బోర్డు వస్తుంది, అంటే భూమధ్యరేఖకి, ఉత్తర ధ్రువానికి దాదాపు మధ్యలో ఉన్నట్టు. జలసంధి దానికి ఇంకాస్త పైన ఉంటుంది.

బోర్డుల మీద పేరు చివర ఒకచోట సి, ఇంకోచోట డబ్ల్యూ కనిపిస్తుంది. రెండూ మ్యాకినాయే, చివర క్ పలకదు.

ఎంత వెడల్పు, ఎంత లోతు?

బాగా ఇరుకైన చోట సుమారు మూడున్నర మైళ్లు, అంటే ఐదున్నర కిలోమీటర్ల పైచిలుకు. లోతు సగటున 20 మీటర్లే, కానీ వంతెన కింద పాత నది కోసుకుపోయిన లోయ ఒకటుంది, అక్కడ 90 మీటర్ల దాకా దిగుతుంది. ఆ లోయ సంగతి కింద చెప్తాను, ఈ జలసంధి కథంతా అక్కడే ఉంది.

మిషిగన్, హ్యూరాన్ నిజంగా రెండు సరస్సులా?

పేర్లు రెండు, నీళ్లు ఒకటే. స్కూలు పుస్తకాల్లో గ్రేట్ లేక్స్ ఐదు అని చదువుకుంటాం, రాజకీయంగా, చట్టపరంగా కూడా ఐదే. జలశాస్త్రం ప్రకారం చూస్తే మాత్రం మిషిగన్, హ్యూరాన్ కలిసి ఒకే సరస్సు. ఎందుకంటే రెండింటి నీటిమట్టం ఒకటే, సముద్రమట్టానికి సుమారు 176 మీటర్ల ఎత్తు. మధ్యలో మెట్టు లేదు, జలపాతం లేదు, లాకులు లేవు.

మిగతా సరస్సులతో పోల్చితే ఇది బాగా అర్థమవుతుంది. సుపీరియర్ నుంచి హ్యూరాన్‌కి నీళ్లు రావాలంటే సెయింట్ మేరీస్ నదిలో సుమారు 21 అడుగులు కిందికి దిగాలి, అందుకే సూ సెయింట్ మేరీ దగ్గర ఓడల కోసం లాకులు కట్టారు. ఈరీ నుంచి ఒంటారియోకి మధ్యలో నయాగరానే ఉంది. మ్యాకినా దగ్గర అలాంటి అడ్డు ఏదీ లేదు. చికాగో ఒడ్డున బయల్దేరిన ఓడ ఒక్క లాకు కూడా దాటకుండా డెట్రాయిట్ వైపు వచ్చేస్తుంది.

రెండూ కలిపితే వైశాల్యం సుమారు 1,17,000 చదరపు కిలోమీటర్లు. మొత్తం తెలంగాణ 1,12,077 చదరపు కిలోమీటర్లు కదా, రాష్ట్రం మొత్తాన్ని ఇందులో ముంచినా ఇంకా నీళ్లు మిగులుతాయి. అలా చూస్తే విస్తీర్ణంలో ప్రపంచంలోనే అతిపెద్ద మంచినీటి సరస్సు సుపీరియర్ కాదు, ఈ మిషిగన్-హ్యూరాన్. ఉన్న నీటి పరిమాణం లెక్కేస్తే మాత్రం సుపీరియర్‌దే పైచేయి, ఎందుకంటే అది చాలా లోతు.

నా మాట ఒక్కటే. ఈ జలసంధిని రెండు సరస్సుల మధ్య గోడలా చూడకండి, ఒకే సరస్సు నడుములా చూడండి. అప్పుడు కింద చెప్పబోయే వంతెన, మంచు, పైప్‌లైన్, చికాగో గొడవ అన్నీ ఒకదానికొకటి అతుక్కుంటాయి.

ఒకటే అయితే రెండు పేర్లెందుకు?

17వ శతాబ్దంలో ఫ్రెంచివాళ్లు పడవల మీద ఒడ్డు పట్టుకుని వచ్చి మ్యాపులు గీశారు. తూర్పు నుంచి వచ్చేవాళ్లకి ముందు ఒక పెద్ద సరస్సు, తర్వాత ఒక ఇరుకు, తర్వాత ఇంకో పెద్ద సరస్సు కనిపించాయి, వేర్వేరు పేర్లు పెట్టారు. పడవలో ఉన్నవాడికి నీటిమట్టం ఒకటేనని ఎలా తెలుస్తుంది? తర్వాత సరిహద్దులు, చట్టాలు ఆ పేర్ల మీదే నడిచాయి. హ్యూరాన్ సగం కెనడాది, మిషిగన్ సరస్సు పూర్తిగా అమెరికాది కాబట్టి ఆ రెండు దేశాలకీ ఆ తేడా అవసరం కూడా.

నీటిమట్టం రికార్డుల్లో మాత్రం రెండింటికీ కలిపి ఒకే అంకె రాస్తారు. 1986 అక్టోబరులో రికార్డు స్థాయికి ఎక్కినా, 2013 జనవరిలో రికార్డు కిందికి పడిపోయినా రెండూ కలిసే ఎక్కాయి, కలిసే దిగాయి.

నీళ్లు ఎటు నుంచి ఎటు పారతాయి?

అందరూ అడిగే ప్రశ్న ఇదే, జవాబు విని చాలామంది నమ్మరు. మొత్తం మీద ఏడాది లెక్క తీస్తే నీళ్లు మిషిగన్ నుంచి హ్యూరాన్‌కి, అంటే పడమర నుంచి తూర్పుకి పోతాయి. మిషిగన్ సరస్సులో పడ్డ వాన, నదుల నీళ్లు ఎక్కడికో పోవాలి కదా, వాటికి సహజమైన దారి ఇదొక్కటే.

కానీ ఏ రోజైనా ఒడ్డున నిలబడి చూస్తే ప్రవాహం అటే ఉంటుందన్న గ్యారంటీ లేదు. ఇవాళ తూర్పుకి, రెండ్రోజులాగి పడమరకి, మళ్లీ తూర్పుకి. సముద్రంలో లాగా చంద్రుడి వల్ల వచ్చే ఆటుపోట్లు కావివి, గ్రేట్ లేక్స్‌లో ఆటుపోట్లు లెక్కలోకి రానంత చిన్నవి. ఇది గాలి పని, గాలి ఒత్తిడి పని. పెద్ద గాలివాన ఒకటి మిషిగన్ సరస్సు మీదుగా పోయిందనుకోండి, ఒక సరస్సులో నీళ్లు కొన్ని సెంటీమీటర్లు పైకి లేస్తాయి. ఆ కొద్ది తేడా చాలు, ఇరుకులోంచి నీళ్లు పక్క సరస్సులోకి దూసుకుపోతాయి. పోయి పోయి సమానమైన చోట ఆగవు, ఆ ఊపులో ఇంకాస్త ఎక్కువే పోతాయి. అప్పుడు అవతల మట్టం పెరిగి తిరిగి ఇటు తోస్తుంది. గాలి ఆగిపోయినా ఈ ఊగులాట కొన్నాళ్లు నడుస్తుంది, ఒక్కో ఊపుకి రెండు మూడు రోజులు పడుతుంది.

ఆ ఊపులో ఎంత నీరు కదులుతుందో తెలుసా? మిషిగన్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన డేవిడ్ ష్వాబ్ లెక్కల ప్రకారం సెకనుకి 80,000 ఘనపు మీటర్ల దాకా పోతుంది. మన లెక్కలో చెప్పాలంటే 28 లక్షల క్యూసెక్కులు. 2022 జులైలో గోదావరికి వరదొచ్చినప్పుడు ధవళేశ్వరం దగ్గర 25 లక్షలు దాటితేనే లంకల్లో ఊళ్లు ఖాళీ చేయించారు, గుర్తుందా? అంతకంటే ఎక్కువ నీరు ఏ హడావుడీ లేకుండా, ఒడ్డు మీద ఐస్‌క్రీం తినేవాళ్లకి తెలియకుండా ఈ వంతెన కింద నుంచి పోతుంటుంది, తర్వాత వెనక్కి వస్తుంది.

ఇంకో విశేషం, వేసవిలో పైనా కిందా వేర్వేరు దారులు. ఎండకి వేడెక్కిన పైపొర తూర్పుకి పోతుంటే, లోతులో ఉన్న చల్లటి నీళ్లు హ్యూరాన్ నుంచి పడమరకి వస్తుంటాయి.

దీన్ని కళ్లతో చూడొచ్చా?

చూడొచ్చు. దీవికి ఫెర్రీలో పోయేటప్పుడు దారి చూపించే ఎర్ర, ఆకుపచ్చ బోయాలు పక్కనుంచి పోతాయి. అందరూ వంతెన వైపు తిరిగి సెల్ఫీలు తీసుకునే టైమ్‌లో మీరు ఆ బోయాల్ని చూడండి. ప్రవాహం గట్టిగా ఉన్న రోజు బోయా ఒక పక్కకి ఒరిగి ఉంటుంది, దాని మొదట్లో నీళ్లు చీలి, ఒకవైపు పొడుగ్గా చార కడుతుంది. చార ఎటు ఉంటే నీళ్లు అటు పోతున్నట్టు. పొద్దున్న వెళ్లేటప్పుడు ఒకసారి, రెండు రోజులుండి తిరిగొచ్చేటప్పుడు ఒకసారి చూసుకోండి. దిక్కు మారి ఉంటే పిల్లలకి చూపించండి, ఏ మ్యూజియం టికెట్టూ దీనికి సాటిరాదు.

ఈ ఇరుకు ఎలా ఏర్పడింది?

చివరి హిమయుగంలో ఇక్కడంతా కిలోమీటర్ల మందం మంచు. ఆ బరువుకి భూమే కిందికి కుంగిపోయింది. మంచు కరిగి ఉత్తరానికి వెనక్కి తగ్గాక, ఈశాన్యాన ఇప్పుడు కెనడాలో నార్త్ బే ఊరున్న చోట నీళ్లకి బాగా పల్లపు దారి దొరికింది. సరస్సులు అటు ఖాళీ అయిపోయి, సుమారు 10,000 ఏళ్ల కిందట ఇప్పటికంటే ఎంతో కిందికి దిగిపోయాయి. అప్పుడు మిషిగన్, హ్యూరాన్ నిజంగానే రెండు వేర్వేరు సరస్సులు. వాటి మధ్య జలసంధి లేదు, ఒక నది ఉండేది. ఆ నది కోసిన లోయే ఇప్పుడు వంతెన కింద 90 మీటర్ల లోతుగా మిగిలింది. మ్యాకినా దీవికి తూర్పున నీటి అడుగున ఆ నది దూకిన పాత జలపాతం కూడా ఉంది, సుమారు వంద అడుగుల ఎత్తు. నీళ్ల మీద ఫెర్రీలు పోతున్నాయి, అడుగున ఎండిన... కాదు, మునిగిన జలపాతం. మిషిగన్‌లో నాకు అన్నిటికంటే ఇష్టమైన చోటు ఏదంటే, కంటికి కనపడని ఆ జలపాతమే చెప్తాను.

తర్వాత బరువు తగ్గిన భూమి మెల్లగా పైకి లేచింది, నార్త్ బే దారి మూసుకుపోయింది, నీళ్లు పెరిగి లోయని ముంచేశాయి, రెండు సరస్సులు కలిసిపోయాయి. భూమి లేవడం ఇప్పటికీ ఆగలేదు, చాలా నెమ్మదిగా ఇంకా లేస్తూనే ఉంది.

ఒడ్డున ఆ వింత రాళ్లేంటి?

దీవిలో ఆర్చ్ రాక్, షుగర్ లోఫ్, సెయింట్ ఇగ్నేస్ పక్కన క్యాజిల్ రాక్ చూసి ఇవి మనుషులు చెక్కారా అని అడుగుతారు. కాదు. ఇక్కడ అడుగున 40 కోట్ల ఏళ్లకి పైబడిన ఉప్పు పొరలున్నాయి. నీళ్లు తగిలి ఉప్పు కరిగిపోయి లోపల గుహలు పడ్డాయి, వాటి మీదున్న సున్నపురాయి కప్పు కూలింది. ఆ ముక్కలు, పిండి కలిసి సున్నంతోనే మళ్లీ గట్టిగా అతుక్కున్నాయి. సరస్సు ఇప్పటికంటే ఎత్తుగా ఉన్న కాలంలో అలలు మెత్తటి భాగాన్ని తినేస్తే, గట్టిగా అతుక్కున్నది ఇలా స్తంభాలుగా, తోరణంగా మిగిలింది. దగ్గరికెళ్లి రాతిని చూస్తే పెద్దా చిన్నా ముక్కలు అడ్డదిడ్డంగా ఇరుక్కుని కనిపిస్తాయి. డెట్రాయిట్ కింద గనిలో తవ్వేది కూడా ఆ కాలపు ఉప్పే, చలికాలంలో రోడ్ల మీద చల్లేది అదే.

ఏయే దీవులున్నాయి?

మ్యాకినా, రౌండ్, బాయ్ బ్లాంక్. చివరిదాన్ని ఇక్కడి జనం బాబ్లో అని పలుకుతారు. అందరూ వెళ్లేది మ్యాకినా దీవికే, అది పది చదరపు కిలోమీటర్లు కూడా ఉండదు. 1898 నుంచి అక్కడ మోటారు బండ్లు నిషేధం, అత్యవసర వాహనాలకి, చలికాలంలో స్నోమొబైల్స్‌కి మాత్రం మినహాయింపు. చుట్టూ తిరిగే ఎమ్-185 రోడ్డు 8 మైళ్ల పైచిలుకు, కార్లు లేని స్టేట్ హైవే అది. సైకిల్ మీద ఒక చుట్టు వేయండి. అమ్మానాన్నలకి సైకిల్ కష్టమైతే గుర్రబ్బండి ఉంది. ఈ దీవి 1875లో అమెరికాలో రెండో నేషనల్ పార్క్ అయింది, యెల్లోస్టోన్ తర్వాత ఇదే. 1895లో రాష్ట్రానికి ఇచ్చేశారు.

ఈ చోటు ఎవరిది మొదట?

ఆనిషినాబే ప్రజలది, అంటే ఒజిబ్వే, ఒడావా వాళ్లది. రెండు సరస్సుల చేపలు, నాలుగు వైపుల నుంచి పడవ దారులు కలిసే చోటు కాబట్టి వేల ఏళ్లుగా ఇది వాళ్లకి సంత, తీర్థం రెండూ. దీవి వాళ్లకి పవిత్రం, అక్కడ పూర్వీకుల సమాధులున్నాయి. ఫ్రెంచి మతగురువు జాక్ మార్కెట్ 1671లో సెయింట్ ఇగ్నేస్‌లో మిషన్ పెట్టాడు. తర్వాత ఫ్రెంచివాళ్లు 1715లో దక్షిణపు ఒడ్డున ఫోర్ట్ మిషిలిమ్యాకినా కట్టారు, బ్రిటిష్‌వాళ్లు దాన్ని తీసుకున్నారు. 1763 జూన్ 2న ఒజిబ్వేలు కోట బయట బంతాట ఆడుతూ, బంతి లోపలికి పడేసి, దాని కోసమన్నట్టు లోపలికి దూరి కోటని పట్టుకున్నారు. ఈ ఇరుకు ఎవరి చేతిలో ఉంటే బొచ్చు వ్యాపారమంతా వాళ్ల చేతిలో, అందుకే అంత పోరు. 1780లలో బ్రిటిష్‌వాళ్లు కోటని దీవి మీద కొండకి మార్చారు, అక్కడ నిలబడితే ఎందుకు మార్చారో మీకే తెలుస్తుంది, వచ్చే పోయే ప్రతి ఓడా కనిపిస్తుంది.

ఇది పాత కథ అనుకోకండి. 1836 ఒప్పందంలో తెగలు భూమి వదులుకున్నాయి గానీ చేపల వేట హక్కుని నిలబెట్టుకున్నాయి. ఇప్పటికీ ఈ నీళ్లలో వలలు వేసేవాళ్లున్నారు, ఈ నీళ్ల గురించి కోర్టుల్లో గట్టిగా మాట్లాడేది కూడా వాళ్లే.

వంతెన ఎందుకంత గొప్ప?

1957 నవంబరు 1న తెరిచారు. మొత్తం పొడవు ఐదు మైళ్లు, అంటే 8 కిలోమీటర్లు. రెండు టవర్ల మధ్య వేలాడే భాగమే 3,800 అడుగులు, కింద పెద్ద ఓడలు పోవడానికి మధ్యలో 155 అడుగుల ఖాళీ. అంతకు ముందు 1923 నుంచి కార్లని ఫెర్రీల మీద దాటించేవాళ్లు, జింకల వేట సీజన్ వస్తే కార్లు మైళ్ల కొద్దీ బారులు తీరేవి. కట్టలేరనేవాళ్లే ఎక్కువ, ఎందుకంటే లోతు, మంచు తోపు, గాలి మూడూ కలిశాయిక్కడ. 1940లో వాషింగ్టన్ రాష్ట్రంలో టకోమా వంతెన గాలికి ఊగి కూలిపోయింది కూడా. ఈ వంతెనని డిజైన్ చేసిన ఇంజనీర్ డేవిడ్ స్టైన్‌మన్ దానికి విరుగుడుగా లోపలి లేన్లని ఇనుప జల్లెడతో వేశాడు, గాలి ఆపకుండా దూరిపోతుంది. ఆ లేన్లో పోతే టైర్ల కింద గుయ్యిమని శబ్దం వస్తుంది, అద్దం దించి చూస్తే కింద నీళ్లు కనిపిస్తాయి. కట్టేటప్పుడు ఐదుగురు కార్మికులు చనిపోయారు, ఫొటో దిగేటప్పుడు వాళ్లనీ ఒకసారి తలుచుకోండి.

నాకు ఎత్తంటే భయం, ఎలా దాటాలి?

టెన్షన్ పడకండి, మీలాంటివాళ్లు చాలామందే ఉన్నారు. బయటి లేన్ తారుతో మామూలు రోడ్డులాగే ఉంటుంది, అందులోనే పోండి, వేగ పరిమితి ఎలాగూ 45 మైళ్లే. అయినా చెయ్యి వణుకుతుందనుకుంటే వంతెనవాళ్లకి చెప్పండి, వాళ్ల సిబ్బందే మీ కారు నడిపి అవతల దింపుతారు. పెద్ద గాలి ఉన్న రోజు ఎత్తైన బండ్లని ఆపేస్తారు, మరీ ఎక్కువైతే వంతెన మూసేస్తారు. చలికాలంలో కేబుళ్ల మీద నుంచి ఐసు గడ్డలు రాలిపడుతున్నా మూస్తారు, వాటి కింద పోవాలని ఎవరూ పట్టుబట్టొద్దు. నడిచి దాటాలంటే లేబర్ డే పొద్దున్నే, 1958 నుంచి నడుస్తున్న సంప్రదాయమిది, వేల మంది వస్తారు.

చలికాలంలో గడ్డకడుతుందా?

కడుతుంది. చలి గట్టిగా ఉన్న ఏడాది దీవికీ సెయింట్ ఇగ్నేస్‌కీ మధ్య నీరంతా పలకగా మారుతుంది. దీవిలో ఉండేవాళ్లు వాడేసిన క్రిస్మస్ చెట్లని ఆ మంచులో వరుసగా పాతి దారి గుర్తులు పెట్టుకుంటారు, స్నోమొబైల్స్ మీద ఆ చెట్ల వెంటే పోతారు. తెల్లటి మైదానం మధ్య పచ్చగా చెట్ల బారు, పైన గాలి. అలవాటు లేనివాళ్లు ఆ మంచు మీద కాలు పెట్టొద్దు, కింద ప్రవాహం ఆగదు, ఒకచోట గట్టిగా ఉన్నది నాలుగడుగులు పక్కన పల్చగా ఉంటుంది. గాలి దిక్కు మారితే పలకలు విరిగి కొట్టుకుపోతాయి. ఓడల దారి కోసం కోస్ట్ గార్డ్ ఐస్‌బ్రేకర్ మ్యాకినా పనిచేస్తుంది. 1944 నాటి పాత మ్యాకినాని ఇప్పుడు మ్యాకినా సిటీలో మ్యూజియంగా పెట్టారు, పిల్లలుంటే తప్పక ఎక్కండి.

ఓడ ప్రమాదాలు జరిగాయా?

చాలా. ఇరుకు దారి, అడ్డంగా ప్రవాహాలు, వేడిగాలి చల్లటి నీళ్ల మీదికి రాగానే కమ్మే పొగమంచు. 1965 మే 7న సున్నపురాయి మోసుకుపోతున్న సీడర్‌విల్ అనే ఓడ పొగమంచులో ఒక నార్వే ఓడతో ఢీకొని వంతెనకి కొద్ది దూరంలోనే మునిగింది, పదిమంది పోయారు. అది ఇంకా అడుగునే ఉంది. చల్లటి మంచినీళ్లు కాబట్టి కలప ఓడలు కూడా వందేళ్ల తర్వాత చెక్కు చెదరకుండా ఉంటాయి, 1856లో మునిగిన శాండస్కీని చూడ్డానికి డైవర్లు దిగుతుంటారు.

పైప్‌లైన్ గొడవేంటి?

1953లో, అంటే వంతెన కంటే ముందే, జలసంధి అడుగున 20 అంగుళాల గొట్టాలు రెండు వేశారు. పేరు లైన్ 5, నడిపేది ఎన్‌బ్రిడ్జ్ కంపెనీ. విస్కాన్సిన్ నుంచి కెనడాలోని సార్నియా దాకా 645 మైళ్ల లైన్ ఇది, రోజుకి 5,40,000 బ్యారెళ్ల దాకా తేలిక ముడి చమురు, ప్రొపేన్ లాంటి వాయు ద్రవాలు పోతాయి. 2018 ఏప్రిల్‌లో ఒక టగ్ (ఓడల్ని లాగే, తోసే పడవ) లంగరు అడుగున ఈడ్చుకుంటూ పోయి గొట్టాలకి సొట్టలు పెట్టింది, పక్కనున్న కరెంటు కేబుళ్లు తెగి వాటిలోని ద్రవం నీళ్లలో కలిసింది. అదృష్టం, చమురు రాలేదు. 2020లో గవర్నర్ విట్మర్ ఆ గొట్టాలకి అనుమతి రద్దు చేస్తున్నట్టు ప్రకటించారు, అప్పటి నుంచి కోర్టు కేసులు. అడుగున సొరంగం తవ్వి కొత్త లైన్ వేస్తామని కంపెనీ అంటోంది. యూపీలో చాలా ఇళ్లు ప్రొపేన్‌తోనే వెచ్చగా ఉంటాయి, ఆ భయం కూడా నిజమే, దాన్ని తీసిపారేయకూడదు.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. పైన ప్రవాహం గురించి చదివారు కదా. మామూలు నదిలో చమురు పడితే కిందివైపు ఊళ్లకే ముప్పు. ఇక్కడ కిందివైపు అంటూ ఏదీ లేదు. ఇవాళ తూర్పుకి పోయింది ఎల్లుండి పడమరకి వస్తుంది, రెండు సరస్సుల ఒడ్డూ దెబ్బతింటుంది. చలికాలంలో మంచు కింద చేరితే దాన్ని తియ్యడం ఇంకెంత కష్టమో ఊహించుకోండి. కోట్ల మంది తాగే నీళ్లివి, మిల్వాకీ, చికాగోలో ఉన్న మనవాళ్ల కుళాయిల్లో వచ్చేది మిషిగన్ సరస్సు నీరే. ఏడు దశాబ్దాలు దాటిన గొట్టాలు ఇలాంటి చోట ఉండకూడదనే నేను నమ్ముతాను.

చికాగోకీ దీనికీ సంబంధమేంటి?

1900లో చికాగో తన మురుగు తాగునీళ్లలో కలవకుండా చికాగో నదినే వెనక్కి తిప్పింది. సరస్సులోకి రావాల్సిన నది సరస్సులోంచి మిసిసిపీ వైపు పోవడం మొదలుపెట్టింది. పక్క రాష్ట్రాలు సుప్రీంకోర్టుకెక్కాయి, 1967 తీర్పులో 3,200 క్యూసెక్కులకి మించొద్దని కోర్టు గీత గీసింది. కృష్ణా నీళ్ల పంచాయితీ తెలిసినవాళ్లకి ఈ కథ కొత్తగా అనిపించదు. మ్యాకినా దారి తెరిచి ఉంది కాబట్టి చికాగోలో తోడితే హ్యూరాన్ ఒడ్డున కెనడావాడికి కూడా మట్టం తగ్గుతుంది, కొద్దిగానే అయినా తగ్గుతుంది. అదే విధంగా హ్యూరాన్ నుంచి నీళ్లు బయటికి పోయే సెయింట్ క్లెయిర్ నదిని ఓడల కోసం లోతు చేస్తే, ఎక్కడో ఉన్న మిషిగన్ సరస్సు కూడా దిగింది.

నీళ్లలో దిగొచ్చా? పిల్లలు అడుగుతున్నారు.

ఒడ్డున పాదాలు తడుపుకోండి, వంతెన దగ్గర ఈతకి మాత్రం వద్దు. సెయింట్ ఇగ్నేస్ దాటాక యూఎస్-2 రోడ్డు పక్కన మిషిగన్ సరస్సు ఇసుక ఒడ్లు ఎంతో అందంగా ఉంటాయి, కారాపి దిగేస్తారు, అక్కడా జాగ్రత్త. అలలున్న రోజు లోపలికి లాగే ప్రవాహాలుంటాయి. ఉప్పు లేని నీళ్లు కాబట్టి సముద్రంలో తేలినంత తేలికగా తేలలేరు. జులైలో కూడా గాలి మారితే అడుగు చల్లటి నీళ్లు పైకొచ్చి ఒక్కరోజులో నీళ్లు గడ్డకట్టేంత చల్లగా అనిపిస్తాయి, ఆ చలికి ముందు ఊపిరి పట్టేస్తుంది. అమెరికాలో నీళ్లలో దిగి తిరిగిరాని మన పిల్లల వార్తలు ఎన్ని చదివాం. కొత్తగా వచ్చిన స్టూడెంట్లు గుంపుగా వెళ్లేటప్పుడు ఎవరికీ ఈత రాకపోవచ్చు, మొహమాటానికి పోయి దిగొద్దు. చిన్న పడవైనా, కయాక్ అయినా లైఫ్ జాకెట్ వేసుకునే ఎక్కండి.

ఎప్పుడు వెళ్లాలి, ఎక్కడ నిలబడి చూడాలి?

జూన్ నుంచి అక్టోబరు మధ్య దాకా. జూన్‌లో తొమ్మిదిన్నర దాకా వెలుతురుంటుంది, డిన్నర్ అయ్యాక కూడా ఒడ్డుకి వెళ్లొచ్చు. ఏప్రిల్, మేలలో జనం తక్కువ, డేగలు, గద్దలు ఉత్తరానికి వలస పోతూ నీటి మీద దూరం తగ్గించుకోడానికి ఈ ఇరుకు దగ్గరే గుంపులుగా దాటుతాయి. పక్షులంటే ఇష్టమున్నవాళ్లు అప్పుడే రండి.

మ్యాకినా సిటీలో 1892 నాటి పాత లైట్‌హౌస్ పక్క పచ్చిక నుంచి వంతెన బాగుంటుంది, జనం కూడా ఎక్కువే. నేను చెప్పేది అవతలి ఒడ్డున బ్రిడ్జ్ వ్యూ పార్క్, టోల్ కట్టి దాటగానే వస్తుంది. అక్కడి నుంచి దక్షిణానికి చూస్తే కుడివైపు మిషిగన్ సరస్సు, ఎడమవైపు హ్యూరాన్, మధ్యలో గీత ఎక్కడా ఉండదు. రాత్రి ఉండేట్టయితే మ్యాకినా సిటీకి పడమరగా హెడ్‌ల్యాండ్స్ డార్క్ స్కై పార్క్ ఉంది, మబ్బు లేని రాత్రి పాలపుంత కనిపిస్తుంది, అదృష్టముంటే నార్తర్న్ లైట్స్ కూడా.

తిండి సంగతి?

సరస్సు వైట్‌ఫిష్ తినండి, చేప తినేవాళ్లు అది వదలొద్దు. యూపీలో ప్యాస్టీ అని కూర పెట్టి కాల్చే రొట్టె దొరుకుతుంది, చాలాచోట్ల కూరగాయలతో కూడా చేస్తారు. పూర్తి శాకాహారులైతే, ముఖ్యంగా పెద్దవాళ్లతో వస్తే, పులిహోర, పెరుగన్నం కట్టుకుని రావడమే మంచిది. దీవి నుంచి ఆఖరి ఫెర్రీ ఎన్నింటికో వెళ్లగానే కనుక్కోండి, సీజన్‌ని బట్టి మారుతుంది.